ఆరు తెడ్లు, ఒకే చప్పుడు

నడి సముద్రంలో ఒక మోటారు పడవ వేగం తగ్గిస్తుంది. దాని అంచు మీద కూర్చున్న ముగ్గురు నీళ్లలోకి జారుతారు. వారిని అక్కడే వదిలి అది పక్కకు తప్పుకుంటుంది. ముగ్గురూ ఒకే వరుసలో తేలుతూ చేతులు పైకెత్తుతారు, కెరటాల మధ్య తలలు కనిపించడానికి. వెనుక నుంచి ఆరుగురు తెడ్లు వేస్తున్న సన్నటి పొడవాటి పడవ వారి మీదికే దూసుకొస్తుంది. చివరన కూర్చున్న సరంగు ఆ మూడు తలలకే గురి పెట్టి పడవను నడుపుతున్నాడు. గురి కాస్త కుడికి తప్పితే పడవ వారికి అందదు, ఎడమకు తప్పితే తగులుతుంది. పడవ ముక్కు మొదటి తలను దాటిన క్షణాన, లోపలున్న ఆరుగురిలో ముగ్గురు తెడ్లు వదిలి కుడివైపు నుంచి సముద్రంలోకి దొర్లిపోతారు. నీళ్లలోని ముగ్గురు ఎడమ అంచు పట్టుకుని ఒక్క ఊపున పైకి లేచి, ఖాళీ అయిన ఆ చోట్లలోనే కూర్చుని, అక్కడున్న తెడ్లే అందుకుంటారు. నాలుగైదు తెడ్ల వేటులో అంతా సర్దుకుంటుంది. ఈలోపు మిగిలిన ముగ్గురు తెడ్డు ఆపరు. పడవ ఆగదు.

అక్టోబరులో హవాయి దీవుల్లో జరిగే మొలొకయి హోయె పందెంలో ఇది ఇరవై నిమిషాలకో, అరగంటకో ఒకసారి జరిగే పని. హవాయి భాషలో హోయె అంటే తెడ్డు, తెడ్డు వేయడం. మొలొకయి దీవి నుంచి ఒవాహు దీవిలోని వైకీకీ తీరం వరకు సుమారు 66 కిలోమీటర్లు. ఒక్కో జట్టుకు తొమ్మిది మంది. ఏ సమయంలోనైనా పడవలో ఆరుగురు, వెంట వచ్చే మోటారు పడవలో ముగ్గురు. మధ్యలో ఉన్నది కైవి జలసంధి. కైవి అంటే ఎముక అని అర్థం. దాదాపు 700 మీటర్ల లోతు, గాలికి ఎదురు లేని చోటు. పేరుపొందిన సర్ఫింగ్ వీరుడు ఎడ్డీ ఐకావు 1978 మార్చిలో, బోల్తాపడిన హోకూలేఆ అనే తెరచాప నావ కోసం సాయం తేవడానికి తన సర్ఫింగ్ పలక మీద ఒంటరిగా బయల్దేరి తిరిగి రానిది ఈ నీళ్లలోనే.

జట్టు స్ఫూర్తి అన్న మాట మన దగ్గర బాగా అరిగిపోయింది. క్రికెట్ వ్యాఖ్యానం నుంచి ఆఫీసు సమావేశాల దాకా ఎక్కడ పడితే అక్కడ వినిపిస్తుంది. విన్నప్పుడు అదొక భావమనిపిస్తుంది: పరస్పరం ఇష్టం, భుజం మీద చెయ్యి, గెలిచాక కౌగిలింత. అవుట్‌రిగ్గర్ పడవ, అంటే పక్కన తేలే దుంగ కట్టిన పడవ పందేల గురించి చదివే కొద్దీ, చూసే కొద్దీ, నాకు ఆ మాటకు మరో అర్థం తెలిసింది. ఇక్కడ జట్టుతనాన్ని సెకన్లలో, కిలోల్లో, అంగుళాల్లో కొలవవచ్చు. అది లేకపోతే పడవ అక్కడికక్కడే చెబుతుంది. ఆ లెక్క ఎలా పనిచేస్తుందో, దాన్ని ఒక క్లబ్బు తరాల తరబడి ఎలా నిలుపుకుంటుందో విడమరిచి చెప్పాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు పడవ గురించి. పదమూడు మీటర్లకు అటూఇటూ పొడవు, ఒక మనిషి ఇరుక్కుని కూర్చునేంత వెడల్పు. ఇంత సన్నటి పడవ తనంతట తాను నీటిపై నిలవలేదు, దొర్లిపోతుంది. అందుకే ఎడమవైపు కొంత దూరంలో, పడవకు సమాంతరంగా, తేలే దుంగ ఒకటి ఉంటుంది. హవాయిలో దాన్ని ఆమా అంటారు. దాన్ని పడవకు కలిపే రెండు వంపు తిరిగిన కర్రలు ఇయాకోలు. మేకులు, మరలు లేవు. ఇయాకోలను తాళ్లతో బిగించి కడతారు. అదొక విద్య, క్లబ్బులో పెద్దల దగ్గర కూర్చుని నేర్చుకోవలసిందే. కట్టు వదులైతే నడి సముద్రంలో ఆమా ఊగుతుంది, పందెం అక్కడితో సరి. పసిఫిక్ దీవులకు మనుషులు వలస వెళ్లింది ఇలాంటి పడవల వారసత్వంతోనే. "పడవే దీవి, దీవే పడవ" అని హవాయిలో ఒక నానుడి ఉంది. నలుగురున్న చోటు ఎంత చిన్నదైనా అందులో ఉన్నవాటితోనే బతకాలి, ఉన్నవారితోనే కలిసి బతకాలి అన్న ఎరుక అందులో ఉంది.

పడవలో ఆరు చోట్లు, ఆరు రకాల పనులు. మొదటి చోటున కూర్చున్నవారు లయ పెడతారు. నిమిషానికి ఎన్ని తెడ్లు, ఒక్కో తెడ్డు ఎంత పొడవు లాగాలి అన్నది వారి చేతుల్లోనే ఉంది. అల మీదికి ఎక్కేటప్పుడు లయ తగ్గించి, దిగేటప్పుడు పెంచి, నీటిని చదువుతూ పోవాలి. వెనుక ఎవరున్నారో వారికి కనిపించదు, వెనక్కి తిరిగి చూడరు. రెండో వ్యక్తి మొదటివారికి ఎదురు పక్కన తెడ్డు వేస్తూ అదే లయను రెండో వైపునకు చేరవేస్తారు. పడవలో ఎప్పుడూ ముగ్గురు కుడివైపు, ముగ్గురు ఎడమవైపు. ఒకటి, మూడు, ఐదు ఒక పక్క, రెండు, నాలుగు, ఆరు మరో పక్క. సాధారణంగా మూడో చోటునుంచే పక్క మార్చమని కేక వస్తుంది. నాలుగు, ఐదు బలానికి పెట్టింది పేరు. ఐదో వ్యక్తికి ఆమా మీద ఒక కన్ను, లోపలికి చేరిన నీరు తోడే పని అదనం. ఆరో చోటు సరంగుది. చుక్కాని అంటూ వేరే ఏమీ లేదు. పెద్ద తెడ్డునే పడవ పక్కకు ఆనించి దిశ పట్టాలి, అవసరం లేనప్పుడు అందరిలాగే తెడ్డు వేయాలి.

కేక ఎలా వస్తుందో దగ్గరగా వినాలి. పన్నెండు నుంచి పదహారు తెడ్ల దాకా ఒక పక్క నడుస్తుంది. లెక్క పెట్టే వ్యక్తి "హట్" అంటారు. ఆ తర్వాతి తెడ్డో, ఆ పై తెడ్డో పూర్తి కాగానే ఆరుగురి తెడ్లూ ఒక్కసారిగా గాలిలోకి లేచి, చేతులు మారి, రెండో పక్క నీటిలోకి దిగుతాయి. జవాబుగా మిగతావారు "హో" అనడం చాలాచోట్ల ఆనవాయితీ. అంతే సంభాషణ. గోదావరి మీద పాతకాలపు పడవవాళ్లు తెరచాప లాగేటప్పుడు, బరువైన తాడు ఈడ్చేటప్పుడు "హైలెస్సా" అని ఎత్తుకునేవారు. ఒకరు అంటే మిగతావారు అందుకునేవారు. ఆ పదానికి అర్థం వెతకనక్కరలేదు. దాని పనల్లా పదిమంది కండరాలను ఒకే క్షణంలో బిగించడం. "హట్" చేసే పనీ అదే.

ఒకే క్షణంలో అన్న మాట ఎందుకంత ముఖ్యం? అసలు చిక్కుముడి ఇక్కడుంది.

నీటిలో వేగం పెరిగే కొద్దీ నీటి అడ్డు అంతకంటే త్వరగా పెరుగుతుంది. ఉజ్జాయింపుగా, కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. పది శాతం ఎక్కువ వేగం కావాలంటే దాదాపు మూడో వంతు ఎక్కువ శక్తి పెట్టాలి. ఆరుగురు తలా ఒక పాలు శక్తి పెడుతున్నారనుకుందాం. అందులో ఒకరు పూనకం వచ్చినట్టు రెట్టింపు శక్తి పెట్టారు. మొత్తం ఆరు పాళ్లు ఏడు అయ్యాయి. పడవ వేగం పెరిగేది ఐదు శాతం మాత్రమే. ఆ మనిషి అలా ఎంతసేపు వేయగలరు? పది నిమిషాల తర్వాత చేతులు పడిపోతే లెక్క తలకిందులవుతుంది. ఐదు గంటల పందెంలో ఒక్కరి వీరత్వానికి దక్కేది చాలా తక్కువని నీరే తేల్చి చెబుతోంది.

రెండో కారణం బరువు. హవాయి పందేల నియమాల ప్రకారం సంప్రదాయ తరహా పడవ కనీసం 400 పౌండ్లు, అంటే సుమారు 181 కిలోలు ఉండాలి. అందులో కూర్చున్న ఆరుగురు సగటున 80 కిలోల చొప్పున చూసుకున్నా 480 కిలోలు. మనుషుల బరువు పడవ బరువుకు రెండున్నర రెట్లు! తెడ్డు అందుకోవడానికి ఒంటిని ముందుకు వంచిన ప్రతిసారీ, లాగుతూ వెనక్కి వచ్చిన ప్రతిసారీ పడవ ఆ కదలికకు స్పందిస్తుంది. ఆరుగురి కదలిక ఒకటైతే పడవ ఒక పద్ధతిగా ఊపిరి పీల్చి వదిలినట్టు సాగుతుంది. ఒకరు ముందు, ఒకరు వెనుక అయితే ముక్కు కిందకీ పైకీ పొడుచుకుంటూ, పక్కలకు ఊగుతూ, తోసిన శక్తిలో కొంత నీళ్లు చిమ్మడానికే ఖర్చవుతుంది. పైగా, తెడ్డు అందరికంటే ముందు దించినవారి మీద ఆ క్షణానికి పడవ బరువంతా పడుతుంది. ఆలస్యంగా దించినవారికి పడవ అప్పటికే ముందుకు జారిపోవడంతో నీరు చేతికి ఆనదు. వారికి అలసటా మిగలదు, పడవకు వారి బలమూ చేరదు. శ్రమ పంపకంలోని అన్యాయమంతా సెకనులో పదో వంతు తేడా నుంచి పుడుతుందన్నమాట. అనుభవజ్ఞులు కళ్లు మూసుకుని ఒడ్డున నిలబడి కూడా మంచి జట్టును గుర్తుపడతారంటే ఇందుకే. తెడ్లు పడవ అంచుకు, నీటికి తగిలే చప్పుడు ఆరుగా వినిపిస్తే ఇంకా సాధన కావాలి, ఒకటిగా వినిపిస్తే పడవ నడుస్తోంది.

ఈ విషయం మీద పాత పరిశోధన ఒకటి ఉంది. ఫ్రాన్సులో వ్యవసాయ యంత్ర నిపుణుడు మాక్సిమిలియన్ రింగెల్మన్ 1880లలో మనుషుల చేత తాడు లాగించి బలం కొలిచాడు. ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. ఎనిమిది మంది కలిసి లాగినప్పుడు ఒక్కొక్కరి వాటా, విడిగా లాగిన బలంలో ఇంచుమించు సగానికి పడిపోయింది. గుంపులో ఉన్నాం కదా, ఎవరో లాగుతారులే అన్న అలసత్వం దీనికి కొంత కారణం. అందరి లాగుడూ ఒకే క్షణంలో కుదరకపోవడం మరో కారణం. పడవలో ఈ రెండూ ఒకేచోట బయటపడతాయి. మీరు తెడ్డు మెల్లగా వేస్తే వెనుక కూర్చున్నవారికి కళ్లెదుటే కనిపిస్తుంది. దాక్కోవడానికి చోటు లేదు. ఇంకో వైపు నుంచి చూస్తే, కలిసి చేసిన శ్రమ మనిషికి ఏదో తిరిగి ఇస్తుంది కూడా. 2010లో అచ్చయిన ఒక అధ్యయనంలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 12 మంది తెడ్డు పడవ క్రీడాకారులను పరిశీలించారు. వ్యాయామ యంత్రం మీద ఒంటరిగా సాధన చేసిన రోజు కంటే, అందరూ ఒకే లయలో కలిసి సాధన చేసిన రోజు నొప్పిని ఓర్చుకునే శక్తి ఎక్కువగా కనిపించింది. చేసిన శ్రమ మాత్రం అంతే. చిన్న అధ్యయనమే అయినా, ఒకే రోట్లో ఇద్దరు ముగ్గురు వంతులవారీగా రోకళ్లు వేసి వడ్లు దంచిన అమ్మమ్మలకు అది కొత్త సంగతిలా అనిపించదు. ఒంటరిగా దంచితే మానెడు వడ్లకే చేతులు పీకేవి, పాట ఎత్తుకుని దంచితే కుంచాలు అయిపోయేవి.

ఇక పడవ బోల్తాపడితే? హవాయిలో దీన్ని హులీ అంటారు. ఎవరో కుడివైపు ఎక్కువ వాలినా, అల ఆమాను పైకి లేపినా క్షణంలో అందరూ నీళ్లలో ఉంటారు. అప్పుడు మొదట వినిపించేది సంఖ్యలు. ఒకటి, రెండు, మూడు... ఆరు దాకా ఎవరి చోటు సంఖ్య వారు అరవాలి. ఏ సంఖ్య వినిపించకపోయినా మిగతా పనులన్నీ ఆపి ఆ మనిషిని వెతకాలి. ఆరూ వినిపించాక, బోల్తాపడిన పడవ మీదికి ఇద్దరు ఎక్కి ఇయాకోలు పట్టుకుని వెనక్కి వాలుతారు, ఒకరు నీటిలో నుంచి ఆమాను పైకి నెడతారు. పడవ మళ్లీ సరిగా తిరిగి నిలుస్తుంది, నిండా నీళ్లతో. ఇద్దరు లోపలికెక్కి చిన్న బకెట్లతో తోడతారు, మిగతావారు తెడ్లు ఏరుకుని అంచు పట్టుకుని తేలుతుంటారు. క్లబ్బులో చేరిన కొత్తవారి చేత దీన్ని ప్రశాంతమైన నీళ్లలో పదే పదే చేయిస్తారు. జట్టు స్ఫూర్తికి నాకు తెలిసిన అతి స్పష్టమైన రూపం ఆ లెక్కింపే: నీళ్లు మింగుతూ కూడా నీ సంఖ్య నువ్వు చెప్పడం, పక్కవారి సంఖ్య కోసం చెవి ఒగ్గడం.

ఇప్పటిదాకా చెప్పినదంతా ఒక్క పడవ సంగతి. అసలు విజయం వెనుక ఉన్నది క్లబ్బు. అది అర్థం కావాలంటే కాస్త చరిత్రలోకి వెళ్లాలి.

పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ప్రభావంతో హవాయిలో పడవ పందేలు, సర్ఫింగ్ వంటి ఆటలు బాగా తగ్గిపోయాయి. రాజు కలాకావువా 1875లో తన పుట్టినరోజైన నవంబరు 16న ఏటా పడవ పందేలు జరగాలని నిర్ణయించి వాటికి మళ్లీ ప్రాణం పోశాడు. 1908లో వైకీకీ తీరంలో అవుట్‌రిగ్గర్ కెనూ క్లబ్ పుట్టింది. మూడేళ్ల తర్వాత 1911లో హుయి నలు క్లబ్ అధికారికంగా ఏర్పడింది. మరుసటి ఏడు ఒలింపిక్స్ ఈతలో స్వర్ణం గెలిచిన డ్యూక్ కహనమోకు దాని స్థాపకుల్లో ఒకరు. తొలినాళ్లలో మొదటిదాంట్లో తెల్లవారు, రెండోదాంట్లో స్థానిక హవాయియన్లు ఎక్కువ. ఒకే తీరం, పక్కపక్కనే రెండు క్లబ్బులు, వాటి మధ్య పోటీ. ఆ పోటీ ఆట స్థాయిని పెంచిన మాట నిజం. జాతుల మధ్య ఆ గీత ఎక్కడ గీశారో మరచిపోకూడదన్నదీ అంతే నిజం.

1952లో టూట్స్ మిన్విల్ అనే ఆయన పట్టుదలతో మొదటి మొలొకయి పందెం జరిగింది. ఆ జలసంధిని పడవ పందెంగా దాటడం పిచ్చిపని అని చాలామంది అన్నారు. మూడే పడవలు బయల్దేరాయి. గెలిచిన మొలొకయి జట్టుకు పట్టిన సమయం 8 గంటల 55 నిమిషాలు. ఈ శతాబ్దంలో ఉత్తమ జట్లు అదే జలసంధిని దాదాపు నాలుగున్నర గంటల్లో దాటాయి. ఆడవారికి ఆ నీళ్లు ప్రమాదమన్న వాదన చాలాకాలం నడిచింది. 1975లో మహిళలు అధికారిక పందెం లేకపోయినా జలసంధి దాటి చూపించారు. 1979లో నా వహినె ఓ కె కై పేరుతో మహిళల పందెం అధికారికంగా మొదలైంది. సముద్రపు స్త్రీలు అని ఆ పేరుకు అర్థం. తొలి ఏడే 17 పడవలు వచ్చాయి, అవుట్‌రిగ్గర్ కెనూ క్లబ్ మహిళలు గెలిచారు. అంతకు ఇరవై ఏడేళ్ల ముందు మగవారి పందెం మూడు పడవలతో మొదలైందని గుర్తుంచుకుంటే, ఒడ్డున ఎంతమంది ఎదురుచూస్తూ ఉండిపోయారో అర్థమవుతుంది.

టీవీలో కనిపించేవి ఇలాంటి పెద్ద పందేలు. హవాయి క్లబ్బు గుండె మాత్రం వేసవి రెగాటాల్లో, అంటే రోజంతా సాగే పడవ పందేల మేళాల్లో కొట్టుకుంటుంది. జూన్ నుంచి వారాంతాల్లో తీరం వెంబడి గుడారాలు లేస్తాయి. పావు మైలు, అర మైలు, మైలున్నర దూరాల పందేలు ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒకదాని వెంట ఒకటి. 12 ఏళ్లలోపు పిల్లల పడవతో మొదలుపెట్టి, మొదటి ఏడాది కొత్తవారు, రాటుదేలినవారు, 40 దాటినవారు, 60 దాటినవారు, ఆడామగా కలిసిన జట్లు అంటూ వరుస సాగుతుంది. ఇందులో కీలకం ఒక చిన్న నియమం: ప్రతి పందెంలో వచ్చిన పాయింట్లూ క్లబ్బు ఖాతాలోనే పడతాయి. రోజు చివర గెలిచేది క్లబ్బు.

ఈ నియమం ఎంత పని చేస్తుందో ఆలోచించండి. మీ క్లబ్బులో రాష్ట్రంలోకెల్లా వేగమైన ఆరుగురు యువకులున్నారు. బాగుంది, ఒక పందెం గెలుస్తారు. పన్నెండేళ్ల ఆడపిల్లల జట్టే లేకపోతే, అరవై దాటిన పెద్దమనుషులు ఇంట్లో కూర్చుంటే, ఆ పందేలన్నింటిలో మీ ఖాతా ఖాళీ. పొరుగు క్లబ్బులో మేటి వీరులు ఒక్కరూ లేరు, ప్రతి వయసులోనూ మూడో స్థానమో నాలుగో స్థానమో తెచ్చే జట్టు ఉంది. సాయంత్రానికి వారే ముందుంటారు. పదేళ్ల పిల్ల తెచ్చిన పాయింటుకూ పాతికేళ్ల యువకుడు తెచ్చిన పాయింటుకూ విలువ ఒకటే అయినప్పుడు, పిల్లలకు నేర్పడం దయతో చేసే పని కాకుండా గెలుపు వ్యూహమవుతుంది. మావీ దీవిలోని కహులుయి తీరంలో ఉన్న హవాయియన్ కెనూ క్లబ్ రాష్ట్ర పోటీల్లో అనేకసార్లు పైచేయి సాధించింది. వేసవిలో పిల్లల కోసం అది నడిపే కార్యక్రమంలో తెడ్డు పట్టడంతో పాటు హవాయి భాష, సంస్కృతి కూడా నేర్పుతారు. ఆ పిల్లలే పెరిగి పెద్దల పడవల్లోకి వస్తారు, తర్వాత శిక్షకులవుతారు. 1958లో తొలిసారి కైవి దాటిన జోసెఫ్ నాపీ నెపోలియన్ ఆ తర్వాత యాభైసార్లకు పైగా ఆ పందెంలో పాల్గొన్నారు. భార్య అనోనాతో కలిసి ఆనువెనువె క్లబ్బును నిలబెట్టారు. అలాంటి మనిషి ఒడ్డున నిలబడి ఉంటే, మొదటి ఏడాది పిల్లవాడికి ఈ నీటి సంగతులు పుస్తకంలో చదవనక్కరలేదు.

పడవకు చేసే సేవ ఇంకో బడి. రాష్ట్ర ఛాంపియన్‌షిప్ రెగాటాలో, హవాయిలోనే పెరిగే కోవా చెట్టు మానుతో చేసిన పడవలకే అనుమతి. పడవకు సరిపడా కోవా మాను అంటే ఎన్నో తరాలు చూసిన చెట్టు. అలాంటి పడవ ఎవరి సొంత ఆస్తీ కాదు, దానికో పేరుంటుంది, నీళ్లలోకి దించే ముందు ప్రార్థన ఉంటుంది. దాన్ని ఇసుక మీద ఈడ్వరు, దాటుకుంటూ అడుగు వేయరు. ఇరవై మంది చుట్టూ చేరి చేతుల మీద ఎత్తుకుని తెచ్చి, మంచినీళ్లతో కడిగి, తుడిచి, నీడన పెడతారు. దుక్కి ముగిశాక ఎద్దులను కడిగి, మేత వేశాకే అన్నానికి కూర్చున్న రైతులను చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. కోవా ఒక్కదాని మీదే ఆధారపడి ఉంటే ఆట హవాయి దాటేది కాదు. 1933లో చెక్కిన మాలియా అనే కోవా పడవను 1959లో కాలిఫోర్నియాకు పంపారు. దాని ఆకారం నుంచి ఫైబర్‌గ్లాస్ అచ్చు తీశారు. ఆ అచ్చు పడవలతోనే కాలిఫోర్నియా తీరంలో క్లబ్బులు వెలిశాయి. పడవ అందుబాటులోకి వచ్చాకే కొత్తవారికి తెడ్డు అందింది.

ఇంతవరకు చెప్పినది చదివి అంతా పాలూ తేనే అనుకుంటే పొరపాటు. క్లబ్బులను చీల్చే ప్రశ్న ఒకటి ఏటా వస్తుంది: పెద్ద పందెంలో ఆ తొమ్మిది మంది ఎవరు? ఏడాది పొడవునా తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి వచ్చినవారా, ఆగస్టులో వచ్చి చేరిన బలశాలా? ఒంటరి పడవ మీద సమయం కొలిచి వేగమైనవారిని తీసుకోవడం పైకి న్యాయంగా కనిపిస్తుంది. కానీ ఒంటరిగా వేగంగా వెళ్లేవారు ఆరుగురిలో కూర్చుంటే లయ చెడవచ్చు. తన లయే సరైనదని నమ్మినవారు మరొకరి లయలోకి ఒదగడం కష్టం. కాబట్టి మంచి శిక్షకులు మనుషుల్ని చోట్లు మార్చి మార్చి, జోడీలు కలిపి విడదీసి, పడవ ఎప్పుడు వేగం అందుకుంటుందో చూస్తారు. ఎవరు బలవంతులన్న ప్రశ్న పక్కకు పోయి, ఎవరున్నప్పుడు పడవ బాగా నడుస్తోందన్న ప్రశ్న ముందుకు వస్తుంది. రెండింటికీ జవాబు చాలాసార్లు వేర్వేరు మనుషులు. చోటు దొరకనివారికి ఆ మాట ముఖాముఖి, కారణంతో సహా చెప్పాలి. ఇది చేయని క్లబ్బుల్లో "ఏరు దాటి తెప్ప తగలేసిన" బాధతో మనుషులు మౌనంగా తప్పుకుంటారు. రెండేళ్లకు రెండో జట్టు ఉండదు, ఐదేళ్లకు మొదటి జట్టుకూ మనుషులు దొరకరు.

దక్షిణ పసిఫిక్‌లోని తహితి దీవి ఉదాహరణ ఈ వాదనకు గట్టి పరీక్ష పెడుతుంది. 2000ల మధ్య నుంచి మొలొకయి పందెంలో ఎక్కువగా తహితి జట్లదే పైచేయి. వాటిలో షెల్ వాఆ, ఈడీటీ వాఆ వంటివి కంపెనీల అండతో నడిచేవి. వాఆ అంటే పడవ. ఈడీటీ అక్కడి విద్యుత్ సంస్థ. హవాయి క్లబ్బులో పిల్లలూ అవ్వలూ తాతలూ ఉంటే, అక్కడి మేటి జట్టు ఏళ్ల తరబడి కలిసి సాధన చేసే గట్టి మగవాళ్ల గుంపు. మరి కుటుంబ క్లబ్బు సిద్ధాంతం ఓడిపోయినట్టేనా? నేనలా అనుకోను. తహితి దీవుల్లో వాఆ జాతీయ క్రీడ లాంటిది. సరస్సులాంటి ప్రశాంతమైన తీర జలాల్లో పిల్లలు సైకిలు తొక్కినంత మామూలుగా తెడ్డు వేస్తారు. పడవ మీద పెరిగే తరం క్లబ్బు గోడల మధ్య కాకుండా దీవి అంతటా ఉంది, కంపెనీ జట్టు ఆ పంటను ఏరి తీసుకుంటోంది. దానికి తోడు 1992లో మొదలైన హవాయికి నుయి వాఆ అనే పందెం ఉంది. అక్కడి దీవుల్లో హువాహినె నుంచి రయాతెయా, తహా మీదుగా బోరా బోరా వరకు మూడు రోజులు, మొత్తం దాదాపు 129 కిలోమీటర్లు. దారిలో మనుషుల మార్పిడి లేదు. మూడో రోజు 58 కిలోమీటర్లు ఎవరూ నీళ్లలోకి దూకి విశ్రాంతి తీసుకోరు, బదులుగా ఎవరూ ఎక్కరు. ఆ ఆరుగురే. అలా రాటుదేలిన లయతో కైవికి వస్తే ఫలితం ఎలా ఉంటుందో ఊహించవచ్చు. బోరా బోరాలోని మాతీరా తీరంలో జనం నడుం లోతు నీళ్లలోకి దిగి పూలదండలతో పడవలకు ఎదురు వెళ్తారు. మన జాతరలో రథం వీధి మలుపు తిరిగినప్పటి కోలాహలం అది.

మనకు ఇవన్నీ దూరపు దీవుల కథలుగా తోచవచ్చు. కానీ పక్కన తేలుడు కర్ర కట్టిన పడవ మన సముద్రంలోనే ఉంది. నికోబార్ దీవుల్లో దాన్ని హోడీ అంటారు, పందేలూ జరుపుతారు. అండమాన్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు తక్కువేమీ కాదు, వారిలో చాలామంది మూలాలు ఉత్తరాంధ్ర మత్స్యకార పల్లెల్లో ఉన్నాయి. తెప్ప మీద కెరటం దాటడం వారికి పుట్టుకతో వచ్చిన విద్య. ఇటీవల సంక్రాంతికి కోనసీమలోని ఆత్రేయపురం కాలువలో పడవ పందేలు పెడుతున్నప్పుడు గట్టు మీద చేరే జనాన్ని చూస్తే, నీటి పందెం పట్ల మన ఉత్సాహానికి లోటేమీ లేదనిపిస్తుంది. మూడు రోజుల పండుగ ముగిశాక ఆ తెడ్లు ఎవరి చేతుల్లో ఉంటాయి, గట్టు మీద నిలబడి చూసిన పదేళ్ల పిల్ల మర్నాడు ఉదయం ఎక్కడ పడవ ఎక్కాలి అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

హవాయి రెగాటాలో పిల్లల పందెం అయ్యే చోట ఒక దృశ్యం ఉంటుంది. చివరగా వచ్చిన పడవలో ఆరుగురు చిన్నారులు, ముఖాలు ఎర్రబడి, ఒకరిద్దరు ఏడుస్తూ, ఇసుకకు చేరతారు. మోకాళ్ల లోతు నీళ్లలో పెద్దవాళ్లు అప్పటికే వరుసగా నిలబడి ఉంటారు, ముక్కును ఇద్దరు, ఆమాను ఇద్దరు పట్టుకోవడానికి. పిల్లలు దిగుతారు. తర్వాతి జట్టు అవతల పక్క నుంచి ఎక్కుతోంది. దిగిన పిల్లల్లో ఒకరు వెనక్కి తిరిగి, పడవ అడుగున మిగిలిన నీటిని చిన్న బకెట్టుతో రెండుసార్లు తోడి బయట పోసి, బకెట్టును ఐదో చోటు వెనుక దాని స్థానంలో పెట్టి వెళ్తారు.